నలభై ఒక్కమందికి ఒకటే నాయనమ్మ

ముందే చెబుతున్నాను, మేం కాపీ కొట్టలేదు. పోయిన ఎండాకాలం ఈ ఒక్క మాట చెప్పీ చెప్పీ నా గొంతు ఆరిపోయింది. ప్రొఫెసర్లకు చెప్పాను, మా అమ్మకు చెప్పాను. తార్నాక మెట్రో మెట్ల దగ్గర ఎవడో సీనియర్ "అందరు కలిసి మంచిగనే గోకిన్రంట కదనే" అని పళ్ళికిలిస్తే వాడికీ చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఖర్మ.

మాది బీఏ హిస్టరీ, చివరి సంవత్సరం. ఆఖరి సెమిస్టర్లో కొత్త పేపరు పెట్టారు, 'మధ్యయుగ ప్రపంచం' అని. పాత పేపర్లో మధ్యయుగం అంటే యూరప్ ఒక్కటే. కోటలు, ప్రభువులు, చర్చి. దానికి తెలుగులో పుస్తకాలున్నాయి, గైడ్లున్నాయి. కొత్తదాంట్లో ప్రపంచమంతా ఉంది. ఆఫ్రికాలో మాలి రాజ్యం, హిందూ మహాసముద్రం మీద ఓడలు, చైనా పింగాణీ, సమర్‌ఖండ్ బజార్లు, మన మోటుపల్లి రేవు. ఆ కాలంలో కూడా మనుషులు ఇంతింత దూరాలు తిరిగారా, ఒకళ్ళ సరుకు ఒకళ్ళు వాడుకున్నారా అని నాకు ఒకటే ఆశ్చర్యం. మూడేళ్ళ డిగ్రీలో నేను ప్రేమించిన పేపరు అదొక్కటే.

దానికి తెలుగులో ఒక్క పుస్తకం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. పరీక్ష మాత్రం తెలుగులో రాయొచ్చట, పెద్ద ఉపకారం. ఈత రానివాణ్ణి బావిలోకి తోసేసి, మునగమని మేం చెప్పామా అన్నట్టుంది యవ్వారం.

పాఠం చెప్పేది సుధామయి మేడమ్. కాకినాడ వాళ్ళు, హబ్సిగూడలో ఉంటారు. గెస్ట్ ఫ్యాకల్టీ. బాగా చెప్పేవారు, కాదనను, కాని చెప్పేదంతా ఇంగ్లిషులోనే. క్లాసు కాగానే ముప్పై పేజీల ఇంగ్లిషు వ్యాసం గ్రూపులో పడేసి, "తెలుగు మీడియం వాళ్ళు మీ నోట్స్ మీరే తయారు చేసుకోవాలమ్మా" అనేవారు. తెలుగు మీడియం వాళ్ళం నాతో కలిపి నలభై ఒక్కమందిమి. సగం మంది హాస్టల్ వాళ్ళు. ఆ వ్యాసాలు తెరిచి రెండో పేరాలోనే చేతులెత్తేసేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఒకరోజు సామేలు నా బెంచీ దగ్గరికి వచ్చాడు. మంచిర్యాల దిక్కు పిల్లవాడు, ఇరవై నాలుగ్గంటలూ ఏదో ఒకటి పెదాల మీద వల్లె వేస్తూనే ఉంటాడు.

"నవతా, నీకు ఇంగ్లిష్ జెర వస్తది. నువ్వు సదివి తెలుగుల రాయరాదు? మేం జిరాక్స్ తీస్కుంటం."

"నాకేం వస్తది, నేను గూడ ఫోన్ల డిక్షనరీ జూసుకుంటనే సదువుతున్న."

"గదే మాకన్న ఎక్కువ. మాకు డిక్షనరీల ఏం జూడాల్నో గూడ తెల్వదు."

ఆ మాటకు కాదనలేకపోయాను. పొద్దున్నే లేచి, నల్లా నీళ్ళు వచ్చేలోపు రెండు గంటలు రాసేదాన్ని. మా రెండు గదుల ఇంట్లో ఆ వేళకు మెలకువగా ఉండేది నేనూ మా నాయనమ్మ ప్రమీలమ్మే. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుండేది. జనగామ నుంచి వచ్చి పదేళ్ళైనా చింతపండు మాత్రం తార్నాకలో కొననివ్వదు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా గంతగనం?"

"ఎడారిల ఒక ఊరున్నది నాయనమ్మా. ఏడువందల ఏండ్ల కింద ఒకాయన పోయి జూసి రాసిండు. ఆడ ఇండ్లు ఉప్పు బండలతోని కట్టుకుంటరంట. పైన ఒంటె తోలు కప్పుతరంట."

"ఉప్పుతోని ఇల్లా! ఓయమ్మ, వానొస్తే?"

"ఆడ వాననే రాదు."

"గట్లయితే మంచిగనే ఉంటది." రెండు గింజలు తీసింది. "గా ఉప్పు ఏం జేస్తరు?"

"ఒంటెల మీద దక్షిణం దిక్కు కొంచవోయి బంగారానికి అమ్ముతరు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మరి? ఉప్పును అల్కగ జూస్తరు జనం. దీపం వెట్టినంక నేను ఎవ్వలకన్న ఉప్పు బదులిస్తనా? దాని ఎంబడే ఇంట్ల లచ్చిమి పోతది. గా ఎడారోళ్ళకు గూడ ఎరికైనట్టున్నది."

ఇంగ్లిషు వ్యాసంలో ఆ సంగతి చెప్పడానికి నాలుగు పేజీలు పట్టింది. నేను నోట్సులో ఇలా రాశాను: 'మా నాయనమ్మ దీపాలు పెట్టాక ఎవరికీ ఉప్పు బదులివ్వదు. ఉప్పు వెంట లక్ష్మి పోతుందంటుంది. సహారాకు దక్షిణాన ఉన్నవారికి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. వారు ఉప్పు కోసం బంగారాన్నే ఇచ్చారు.'

అలా రాసుకుంటూ పోతే ఏప్రిల్‌కు తొంభై పేజీలైంది. సుధామయి మేడమ్‌కు చూపించాను. స్టాఫ్ రూంలో నిలబడే తిరగేసి, రెండుచోట్ల రాజుల పేర్లు ఆకుపచ్చ పెన్నుతో దిద్దారు. నాయనమ్మ మాట దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'బాగుంది' అని రాశారు. నేను ఆ పూట నేల మీద నడవలేదు. తిన్నగా వెళ్ళి యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న పరుశురాం జిరాక్స్ షాపులో ఇచ్చాను. పరుశురాం దాన్ని ఒక నీలం ఫైల్లో పెట్టి, మీద 'నవత మెటీరియల్' అని రాసి షెల్ఫులో పెట్టాడు. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు తీసి ఇచ్చాడు.

మే రెండోవారంలో పరీక్ష. మొదటి ప్రశ్నే, 'సహారా వర్తకంలో ఉప్పు ప్రాధాన్యాన్ని వివరింపుము.' హాల్లో వెనక నుంచి ఎవరో "హమ్మయ్య" అన్నది నాకు వినిపించింది.

మా నాన్న వెంకటేశం అదే యూనివర్సిటీలో, పరీక్షల విభాగంలో అటెండర్. పర్మినెంటు కాదు, ఔట్‌సోర్సింగ్. జవాబు పత్రాల కట్టలు మోయడం, తాళ్ళు విప్పడం, పేపర్లు దిద్దే సార్లకు చాయ్ ఇవ్వడం. తొమ్మిదేళ్ళలో ఆయన చేతి మీదుగా ఒక్క కాగితం అటూ ఇటూ కాలేదు. నెలాఖరున ఒక సాయంత్రం మామిడిపళ్ళు పట్టుకుని వచ్చి, చెప్పులు విడవకముందే కేకేశాడు.

"అమ్మా! ఓ అమ్మా! నీ మాట ఇయ్యాల యూనివర్సిటీల సదివిన్రే!"

"నా మాటేంది, సదువుడేంది?" అంది నాయనమ్మ.

"గా ఉప్పు మాటనే. దిద్దే సారు ఒకాయన పేపర్ల జూసి నవ్విండు. పక్క సార్లకు గూడ ఇనవెట్టిండు. నేను చాయ్ గిలాసలు పట్టుకోని ఆడనే ఉన్న. ఆగలేకపోయిన. 'సార్, గది మా అమ్మనే. గది మా బిడ్డ పేపరే సార్' అన్న."

అమ్మ కూర తిప్పుతున్న గరిటెతోనే బయటికి వచ్చింది. "అన్నవా? నోరు మూసుకోని ఉండలేకపోయినవా?"

"మంచి మాటనే కదనే. సంబరమైంది, అన్న."

జవాబు పత్రం మీద పేరుండదు. నంబరున్న ముక్క చింపేసి కోడు వేస్తారు. ఏ పేపరు ఎవరిదో తెలుసని ఆ గదిలో ఎవరూ నోరెత్తకూడదు. ఆ రూలు నాకంటే, ఆ సార్లకంటే మా నాన్నకే బాగా తెలుసు. తొమ్మిదేళ్ళు ఎత్తని నోరు వాళ్ళమ్మ మాట వినగానే ఎత్తాడు.

అది అక్కడితో పోయేదేమో. కాని ఆ సారు తర్వాతి పేపరు తీశాడు. దాంట్లోనూ నాయనమ్మ ఉప్పు బదులివ్వదు. దాని తర్వాతిదాంట్లోనూ ఇవ్వదు. నాలుగో పేపరుకు ఆయన నవ్వు ఆగిపోయిందట. ఎన్ని తీస్తే అంతమంది నాయనమ్మలు. నాన్న మురిసిపోయింది నా పేపరు వినో సామేలు పేపరు వినో ఆ దేవుడికే తెలియాలి.

జూన్ మొదటివారంలో కమిటీ వేశారు. ముగ్గురు ప్రొఫెసర్లు, వాళ్ళకు పెద్ద కరుణాకర్ సార్. ఆయన గొంతు పెంచరు. గొంతు పెంచనివాళ్ళంటే నాకు అప్పటినుంచే భయం. టేబుల్ మీద మా పేపర్ల కట్ట ఉంది. ఆ కట్ట మోసుకొచ్చి పెట్టింది మా నాన్నే. పెట్టి, పొమ్మనలేదు కాబట్టి బీరువా పక్కన నిలబడ్డాడు.

"కూర్చో అమ్మా. నలభై ఒక్క పేపర్లు, ఒకటే జవాబు. కామాలతో సహా. నలభై ఒక్కమందికి ఒకటే నాయనమ్మ ఉంటదా?"

"నోట్సు నాది సార్. అందరు గదే బట్టీ వట్టిన్రు."

"పేజీలకు పేజీలు, అక్షరం పొల్లుపోకుండ? యూనివర్సిటీ స్టూడెంట్సు?"

యూనివర్సిటీ స్టూడెంట్సు ఇంకేం చేస్తారనుకున్నారో నాకు తెలియదు. నోట్సు జిరాక్సు ఆయన ముందు పెట్టాను. "సుధామయి మేడమ్ గూడ జూసిన్రు సార్, పరీక్షకు ముందే. టిక్కు గూడ పెట్టిన్రు, సూడుండ్రి."

మేడమ్‌ను పిలిచారు. ఆవిడ ఆ కాగితం చూశారు, కరుణాకర్ సార్‌ను చూశారు. నా వైపు మాత్రం చూడలేదు. "ఈ టిక్కు నాదేనని చెప్పలేనండి. పిల్లలు చాలా తెస్తుంటారు, గుర్తులేదు" అన్నారు. జిరాక్సులో ఆకుపచ్చ సిరా నల్లగా పడింది. అసలు కాగితాలు పరీక్షల హడావుడిలో పరుశురాం షాపులోనే ఎక్కడో పోయాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంకోటి ఆలోచించు," అన్నారు కరుణాకర్ సార్. "మీ నాన్న పరీక్షల విభాగంల ఉన్నడు. ప్రశ్న ముందే బయటికొచ్చింది, నువ్వు జవాబు రాసి పంచినవ్. అట్ల గూడ అనొచ్చు ఎవరన్న."

"లీకైతే ఒక్క జవాబు రాస్తం సార్, తొంభై పేజీలెందుకు రాస్తం?"

ఆయన నోట్సు తిరగేస్తూ, "మా నాయనమ్మ చెప్పింది అని రాస్తే హిస్టరీ అయితదా? ఆధారమేంది దీనికి? ఆధారం లేని మాట చరిత్ర కాదు. మొదటి సంవత్సరంలనే చెప్తరు కద" అన్నారు. తర్వాత టైపు చేసిన కాగితం ఒకటి నా వైపు జరిపారు. పరీక్ష హాల్లో మిగతావాళ్ళు నన్ను బెదిరించి నా పేపరు చూసి రాశారని అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు.

"ఇది పెట్టినవంటే నీ పేపరు నీకుంటది. వాలెంటరీగా చెప్పినవని నీ మీద ఏం రాయం. మీ నాన్న వాల్యుయేషన్ రూంల అన్న మాట గూడ రిపోర్టుల రాదు. ఎల్లుండి రా."

అంటే లెక్క తేలిపోయింది. సంతకం పెడితే మా నాన్న కొలువు ఉంటుంది, నలభైమంది డిగ్రీ పోతుంది. పెట్టకపోతే వాళ్ళ మీద సాక్ష్యం లేదు, కాని నాన్న కొలువు పోతుంది, నా పేపరుకూ దిక్కుండదు. నేను నాన్న వైపు చూశాను. ఆయన కట్ట తాడు ముడి వైపు చూస్తున్నాడు.

ఆ రెండు రోజులు ఇంట్లో అన్నం సయించలేదెవరికీ. అమ్మ హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్‌లో పిండి రుబ్బుతుంది. మోచేతుల దాకా పిండి ఎండిన చేతులతో నా ముందు కూర్చుంది.

"పెట్టు సంతకం. ఆళ్ళేమన్న నీ తోడబుట్టినోళ్ళా?"

"ఆళ్ళు చూసి రాయలేదమ్మా."

"నాకు తెల్వదా? అయినా పెట్టు. నువ్వు రాసిచ్చిన్నాడు ఎవరన్న నీకు చేతులెత్తి మొక్కిన్రా? మీ నానను తీసేస్తే గా వయసుల ఎవడు రానిస్తడు?" గిర్రున నాయనమ్మ వైపు తిరిగింది. "ఈమె నోరే ఈ ఇంటికి మిత్తి. ఉప్పంట, లచ్చిమంట!"

అంతకు ముందు అమ్మ ఒకటంటే నాయనమ్మ రెండనేది. ఆ రోజు గోడ వైపు తిరిగి పడుకుంది.

నాన్నను అడిగాను. "నువ్వు చెప్పు నానా. పెట్టాల్నా?"

"నీ ఇష్టం బిడ్డా," అన్నాడు. మళ్ళీ తనే, "గా కట్టల ఎవ్వల పేపరేదో నాకు తెల్వదు. నిజంగ తెల్వదు. ఊకెనే అన్న" అన్నాడు. అది ఆయన నాకు చెప్పుకున్నట్టు లేదు, ఎప్పుడో కమిటీకి చెప్పాల్సిన మాట ఇంట్లో వల్లె వేసుకున్నట్టుంది. పెట్టమని అంటే బాగుండు, పెట్టొద్దని అన్నా బాగుండు. ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు.

రమ్మన్న రోజు పదిన్నరకు వెళ్ళాను. నలభైమందీ వరండాలో ఉన్నారు. గోడకు ఆనుకుని, మెట్ల మీద, తలుపు దగ్గర. ఒక్కడూ నన్ను ఏమీ అడగలేదు. ఆ కాగితం సంగతి అప్పటికే అందరికీ తెలుసు. సామేలు మాత్రం పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

లోపల కరుణాకర్ సార్ పెన్ను మూత తీసి ఇచ్చారు. తీసుకున్నాను. కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. చదివి పెన్ను మూత పెట్టేసి టేబుల్ మీద పెట్టాను.

"సామేలును పిలవుండ్రి సార్."

"ఎందుకు?"

"ఉప్పు జవాబు అడుగుండ్రి."

ఆయన ఇంకో ప్రొఫెసర్ వైపు చూశారు. ఆ ప్రొఫెసర్ భుజాలు ఎగరేశారు. పిలిచారు. సామేలు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నెల కింద రాసిన పరీక్ష. కళ్ళు మూసుకుని అందుకున్నాడు. 'మధ్యయుగ ఆఫ్రికాలో వర్తకమనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది బంగారం. కాని బంగారాన్ని నడిపించినది ఉప్పు...' ఆపకుండా పోయాడు. ఎడారిలో ఊరు, ఉప్పు బండల గోడలు, ఒంటె తోలు కప్పు. నాయనమ్మ దగ్గరికి వచ్చాడు. నా నాయనమ్మ మాటలు మంచిర్యాల గొంతులో విన్నాను. మూడో పేరాలో ఒకచోట తడబడి ఆగాడు. తలుపు తెరిచే ఉంది. వరండాలోంచి ముగ్గురో నలుగురో ఒక్కసారే అందించారు, "...ఒంటెల బిడారులు!"

సామేలు అందుకుని ముగించాడు.

"మీ నాయనమ్మ గూడ ఉప్పు బదులియ్యదా?" అని అడిగారు కరుణాకర్ సార్.

"మాకు నాయనమ్మ లేదు సార్. నేను పుట్టకముందే సచ్చిపోయింది."

"మరి మా నాయనమ్మ అని ఎందుకు రాసినవ్?"

"నవత వాళ్ళ నాయనమ్మ సార్."

"అది తెలుసయ్యా. తీసేసి రాయొచ్చు కద!"

సామేలు నిజంగానే ఆలోచించాడు. "ఏది తీసేస్తే మార్కులు పోతయో మాకు తెల్వది కద సార్. మాకు ఉన్నది గదొక్కటే. అందుకే అంత రాస్తం."

ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. నేను కూడా ఏడవలేదు, ఏడిస్తే వాళ్ళకు అలుసవుతానని పళ్ళు బిగపట్టుకున్నాను. కరుణాకర్ సార్ ఆ టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. అప్పుడు, ఆ రోజు కూడా బీరువా పక్కనే నిలబడ్డ నాన్న వైపు తిరిగారు.

"వెంకటేశం, అది నీ బిడ్డ పేపరని నీకెట్ల తెలిసింది?"

'ఊకెనే అన్న సార్, తెల్వదు' అంటాడనుకున్నాను. రెండు రోజులు వల్లె వేసింది అదే కదా. నాన్న చేతులు రెండూ ముందుకు పెట్టుకుని, "మా అమ్మ మాట సార్. గంత పెద్ద సార్లు సదువుతుంటె ఇన్న. సంబరమైంది" అన్నాడు.

కరుణాకర్ సార్ అది రాసుకున్నారు.

మా మీద కేసు కొట్టేశారు. కాని 'స్వంత ఆలోచన లేని జవాబులు' అని రాసి, నలభై ఒక్కమందికీ పాసు మార్కులు పడేశారు. నాక్కూడా. మా నాయనమ్మ మాట నాకే స్వంతం కాకుండా పోయింది. జూన్ ముప్పైన నాన్నను రేపటి నుంచి రావద్దన్నారు. 'గోప్యత పాటించనందున' అని ఒక్క వాక్యం. తెలుగులో పుస్తకం లేకుండా తెలుగులో పరీక్ష పెట్టినవాళ్ళకు ఏ కాగితమూ రాలేదు. అబద్ధం చెప్పినావిడకూ రాలేదు. నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషికి వచ్చింది. ఆ కాగితం కూడా ఆయన చేతికే ఇచ్చి పంపారు, కాంట్రాక్టర్‌కు అందజేయమని. ఆయన అందజేసి వచ్చాడు.

ఇప్పుడు నాన్న రామంతాపూర్‌లో ఒక అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్. అమ్మ నాయనమ్మతో మాట్లాడటం మానేసింది. జూలైలో ఒకరోజు, అమ్మ దీపం పెట్టి ఇంకా నిమిషం కాలేదు, పై పోర్షనామె గిన్నె పట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, ఉప్పు అయిపోయింది. నువ్వియ్యవని తెల్సు గని..." అని నసిగింది. నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళి, ఉప్పు ప్యాకెట్టు మొత్తం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.

"తీస్కపో బిడ్డా. ఇగ పోయెటిదేమున్నది గీ ఇంట్ల."

అమ్మ వంటింటి తలుపులో నిలబడి చూసింది. నాన్న కొలువు పోయినరోజు కూడా ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది. నేను మాత్రం ఆ ప్యాకెట్టు వెనక్కి లాక్కోవాలనుకున్నాను. నిజంగా చెయ్యి కూడా చాచాను. అప్పటికే ఆమె మెట్లెక్కుతోంది.

ఆగస్టు మొదట్లో సుధామయి మేడమ్ తార్నాక చౌరస్తాలో కనిపించారు. కనిపించారు కాదు, నా కోసమే నిలబడ్డారు. చేతిలో పలుచని పుస్తకం. 'మధ్యయుగ ప్రపంచం: తెలుగు అధ్యయన సామగ్రి.' కింద మా డిపార్టుమెంటు పేరు.

"నీ నోట్సే నవతా. దాదాపు అంతా నీదే. విద్యార్థుల పేర్లు వెయ్యరట, నేను అడిగి చూశాను."

తిరగేశాను. నా వాక్యాలు, నా కామాలు. ఉప్పు పాఠంలో బంగారం తర్వాత తిన్నగా ఒంటెలు ఉన్నాయి. మధ్యలో మా నాయనమ్మ లేదు.

"టిక్కు పెట్టింది మీరే కద మేడమ్. బాగుందని రాసింది మీరే కద."

ఆవిడ చుట్టూ చూశారు. "నన్ను కాస్త అర్థం చేసుకోమ్మా. నాది ఏడాదికోసారి రెన్యూ చేసే ఉద్యోగం."

"మా నానది గూడ గంతే ఉండె మేడమ్."

పుస్తకం ఆవిడ చేతిలో పెట్టేసి, రోడ్డు దాటి యూనివర్సిటీ గేటు వైపు నడిచాను. పరుశురాం షాపులో కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చే సెమిస్టరు పేపరుకు ఇప్పుడే క్యూ కట్టి ఉన్నారు. డిపార్టుమెంటు వాళ్ళు ఆ పుస్తకం ఒక్క కాపీనే ఇచ్చారట, దాన్నే విప్పి జిరాక్సులు తీస్తున్నాడు.

"అన్నా, గా మాస్టర్ కాపీ ఒక్క నిమిషం ఇయ్యి."

"ఏం జేస్తవ్?"

"తప్పు వడ్డది. దిద్దాలె."

పరుశురాం నా మొహం చూసి మారుమాట్లాడకుండా ఇచ్చాడు, నల్ల పెన్ను కూడా ఇచ్చాడు. ఉప్పు పాఠం తీసి, బంగారానికీ ఒంటెలకూ మధ్య గీత గీసి, ఖాళీ అంచులో నాలుగు వాక్యాలూ రాశాను. జిరాక్సులో బాగా పడాలని అక్షరాలు ఒత్తి ఒత్తి రాశాను. కాగితం అవతలి వైపుకు కూడా దిగింది పెన్ను. పరుశురాం ఆ పేజీ మెషీన్లో పెట్టాడు. మొదటి కాపీ వెచ్చగా బయటికి వచ్చింది. అచ్చు అక్షరాల పక్కన మా నాయనమ్మ ఉప్పు బదులివ్వనంటోంది.

"ఆగన్నా," అన్నాను. ఇంకొకటి మరిచిపోయాను. కరుణాకర్ సార్ అడిగింది. మాస్టర్ కాపీ మళ్ళీ తీసుకుని, పేజీ అడుగున ఒక లైను చేర్చాను.

'ఆధారం: ప్రమీలమ్మ, వెంకటేశం తల్లి, తార్నాక.'